కళాకారులకి గవర్నమెంట్ డబ్బులిస్తుందా? ఇస్తుంది. ఎలా అడగాలో మాట్లాడుకుందాం

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్తున్నా. చార్జింగ్ పెట్టుకుని వినండి.

నాకు నెలకి ఓ పది మెసేజ్‌లు ఇలాంటివే వస్తాయి. "అక్కా, కళాకారులకి సెంట్రల్ గవర్నమెంట్ నెలకి డబ్బులిస్తుందంట కదా, లింక్ పంపవా?" లింక్ పంపడం ఎంతసేపు. కానీ లింక్ పంపిన వాళ్లలో అప్లికేషన్ దాకా వెళ్లింది నూటికి ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నారో నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేను థియేటర్‌లో ఈ స్కాలర్‌షిప్ రెండేళ్లు తీసుకున్నదాన్ని. ఇప్పుడు మా ఇంట్లోనే ఒకడికి అప్లికేషన్ నింపించా. వాడి సంగతి మధ్యలో చెప్తా.

ముందు ఒక్క విషయం. ఇది ఎవరి దయా కాదు, సినిమా అవార్డు లాంటిదీ కాదు. కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖకి బడ్జెట్లో ఈ పద్దు కింద ఏటా డబ్బు కేటాయిస్తారు. 'కళా సంస్కృతి వికాస్ యోజన' అని ఒక పెద్ద గొడుగు స్కీమ్ ఉంది, దాని కింద చాలా చిన్న స్కీములు ఉన్నాయి. ఆ డబ్బు ఎవరో ఒకరికి వెళ్తుంది. అప్లికేషన్ పెట్టినవాళ్లకే వెళ్తుంది. మన పల్లెల్లో డోలు కొట్టేవాళ్లు, చిందు ఆడేవాళ్లు, తోలుబొమ్మలు ఆడించేవాళ్లు ఎంతమంది పెడుతున్నారు చెప్పండి?

సరే, స్కీములు. అన్నీ చెప్పను, మీ వయసు వాళ్లకి పనికొచ్చేవి చెప్తా.

మొదటిది, నా లెక్కలో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది, యువ కళాకారుల స్కాలర్‌షిప్. దీన్ని సీసీఆర్టీ అనే సంస్థ చూసుకుంటుంది. ఢిల్లీలో ద్వారకలో హెడ్డాఫీసు, మన హైదరాబాద్‌లో మాదాపూర్‌లో ప్రాంతీయ కేంద్రం. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వాళ్లకి. నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లు. దేశం మొత్తానికి ఏడాదికి 400 స్కాలర్‌షిప్‌లు. శాస్త్రీయ సంగీతం, నాట్యం, నాటకం, మైమ్, బొమ్మలు వేయడం, శిల్పం, లలిత సంగీతం, అన్నిటికీ ఉంది. జానపద, సంప్రదాయ కళలకి కూడా ఉంది. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకే అనుకుంటారు.

ఒక కండిషన్ ఉంది. అప్లై చేసేనాటికి కనీసం 5 ఏళ్లు గురువు దగ్గరో సంస్థలోనో నేర్చుకుని ఉండాలి. యూట్యూబ్ చూసి నేర్చుకున్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బాధపడకండి, అది వేరే రకం నేర్చుకోవడం. ఈ స్కీమ్ పేరే పై స్థాయి శిక్షణ కోసం. పునాది ఉన్నవాళ్లని ఇంకో మెట్టు ఎక్కించడానికి.

నెలకి 5,000 ఏం సరిపోతాయి అంటారా? సరిపోవు. నేనూ అదే అంటా. చాలా ఏళ్లుగా అదే అంకె, ఈలోపు బస్ పాస్ ధర ఎన్నిసార్లు పెరిగిందో మీకు తెలుసు. నెలనెలా కూడా రాదు, ఆరు నెలలకి ఒకసారి చొప్పున నాలుగు విడతల్లో వస్తుంది. అంటే విడతకి 30,000, మొత్తం 1,20,000. నాకైతే ఆ 30,000 ఒకేసారి రావడం వల్ల ఒక ఉపకారం జరిగింది. నెలకి ఐదు వేలయితే ఇంట్లో ఉప్పూ పప్పుకి కలిసిపోయేవి. ముప్పై వేలు చేతికి వస్తే ఆరు నెలల పాటు ఏం నేర్చుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి అని కూర్చుని లెక్క వేసుకున్నా.

మీ ఇంట్లో 10 నుంచి 14 ఏళ్ల చెల్లెలో తమ్ముడో ఉన్నారా? వాళ్లకి 'కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్' అని ఇంకొకటి ఉంది, అదీ సీసీఆర్టీదే. ఏడాదికి 3,600 రూపాయలు, దానికి తోడు గురువుకి కట్టే ఫీజు ఏడాదికి 9,000 దాకా వెనక్కి ఇస్తారు. మొత్తం 650 ఉంటే, అందులో 125 వంశపారంపర్యంగా కళ మీద బతికే కుటుంబాల పిల్లలకి పక్కన పెట్టారు. డబ్బు చిన్నదే. కానీ ఒకసారి ఎంపికైతే రెండేళ్లకోసారి రెన్యూ చేస్తూ డిగ్రీ దాకా లాగొచ్చు. పదేళ్ల పిల్లవాడు పద్దెనిమిది వచ్చేసరికి వాడి పేరు మీద ఎనిమిదేళ్ల కాగితాలు ఉంటాయి. ఆ కాగితాల విలువ ఏంటో కాసేపట్లో చెప్తా.

25 దాటినవాళ్లకి జూనియర్ ఫెలోషిప్. 25 నుంచి 40 ఏళ్ల వరకు, నెలకి 10,000, రెండేళ్లు. 40 దాటితే సీనియర్ ఫెలోషిప్, నెలకి 20,000. రెండూ చెరి 200. ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఇది శిక్షణ కోసం ఇచ్చేది కాదు, పరిశోధన కోసం ఇచ్చేది. వర్క్‌షాప్‌లు పెడతాను, పిల్లలకి నేర్పిస్తాను, నా జీవిత కథ రాసుకుంటాను అంటే ఒప్పుకోరు. దీనికి ప్రాజెక్ట్ ప్రపోజల్ రాయాలి. అది ఎలా రాయాలో దాని దగ్గరికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఇక మీ గురువులకి, మీ తాతలకి. 60 దాటి, ఏడాదికి ఆదాయం 72,000 లోపు ఉన్న కళాకారులకి నెలకి 6,000 దాకా సాయం ఇచ్చే స్కీమ్ ఉంది. ఆ పెద్దాయన చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండదు, మీ చేతిలో ఉంది. అంతకన్నా ఏం చెప్పను.

సంస్థలకి ఇచ్చేవి వేరు. గురువుకి నెలకి 15,000, పెద్ద శిష్యులకి 10,000 ఇచ్చే గురుశిష్య పరంపర గ్రాంట్ అనేది ఉంది, పిల్లల వయసు తగ్గేకొద్దీ అంకె తగ్గుతుంది. ఉత్సవాలకి, నాటకాలకి, సెమినార్లకి 5 లక్షల దాకా ఇచ్చేది ఇంకొకటి. వీటికి ఒక్కరు పోతే ఇవ్వరు, రిజిస్టర్ అయిన సంస్థ ఉండాలి. మన దగ్గర సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి, తర్వాత పాన్, బ్యాంక్ ఖాతా, ఆడిట్ చేసిన లెక్కలు, నీతి ఆయోగ్ వాళ్ల 'ఎన్జీఓ దర్పణ్' నంబర్. నిన్న రిజిస్టర్ చేసి ఇవాళ అడిగితే అవ్వదు, కొన్నేళ్లు పనిచేసినట్టు చూపించాలి. అందుకని ఇవాళ సంస్థల జోలికి పోను.

మనం ఎక్కువగా వదిలేసేవి జోనల్ కల్చరల్ సెంటర్లు. దేశంలో మొత్తం ఏడు. తెలంగాణ, ఆంధ్ర రెండూ తంజావూరులో ఉన్న దక్షిణ మండలానికీ చెందుతాయి, నాగపూర్‌లో ఉన్న దక్షిణ మధ్య మండలానికీ చెందుతాయి. అంటే మనకి రెండు తలుపులు. వీళ్ల దగ్గర కూడా గురుశిష్య పద్ధతిలో శిక్షణ నడుస్తుంది. గురువుకి నెలకి 7,500, పక్కవాద్యానికి 3,750, శిష్యుడికి 1,500, ఆరు నెలల నుంచి ఏడాది వరకు. అయితే గురువుల పేర్లు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల నుంచి వెళ్లాలి. అందుకే మీ గురువు పేరు రాష్ట్ర శాఖ దగ్గర నమోదై ఉండటం అవసరం. తెలంగాణ వాళ్లకి రవీంద్రభారతి దగ్గర భాషా సాంస్కృతిక శాఖ. ఆంధ్ర వాళ్లకి విజయవాడలో సృజనాత్మకత, సంస్కృతి సమితి. జిల్లాలో అయితే కలెక్టరేట్‌లో డీపీఆర్వో గారి ఆఫీసు. ప్రభుత్వ కార్యక్రమాలకి కళాబృందాలని పిలిచేది చాలాసార్లు అక్కడి నుంచే.

ఇప్పుడు వెతకడం. వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కొద్దు. "కళాకారులకి 50 వేలు, ప్రాసెసింగ్ ఫీజు 499" అని ఒకటి తిరుగుతూ ఉంటుంది. నేను ఇప్పటిదాకా చెప్పిన వాటిల్లో దేనికీ ప్రాసెసింగ్ ఫీజు లేదు. ఎవరైనా ఫీజు అడిగారంటే అది స్కీమ్ కాదు, స్కామ్. సైట్ అడ్రస్ చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉందా లేదా చూడండి. సీసీఆర్టీది అయితే 'సీసీఆర్టీ ఇండియా డాట్ జీఓవీ డాట్ ఇన్'.

గూగుల్‌లో ఒక చిన్న కిటుకు. మీకు కావలసిన మాట టైప్ చేసి, ఖాళీ వదిలి, పక్కన 'సైట్' అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 'జీఓవీ డాట్ ఇన్' అని కొట్టండి. అప్పుడు గవర్నమెంట్ సైట్లే వస్తాయి, కోచింగ్ సెంటర్ల చెత్త రాదు. 'మై స్కీమ్' అని గవర్నమెంట్‌దే ఒక పోర్టల్ ఉంది. మీ వయసు, రాష్ట్రం, చేసే పని చెప్తే ఏ స్కీములకి అర్హత ఉందో చూపిస్తుంది. అక్కడ పేరు తెలుసుకోండి, నోటిఫికేషన్ మాత్రం అసలు సైట్‌లోనే చదవండి. పూర్తిగా చదవండి. పది పేజీల పీడీఎఫ్, అంతే. మనం రీల్స్ చూసే టైమ్‌లో మూడుసార్లు చదవొచ్చు.

తేదీలు ఏడాది ఏడాదికి మారతాయి. బ్యాచ్ సంవత్సరం ఒకటి, ఇంటర్వ్యూ జరిగే సంవత్సరం ఇంకొకటి కావడం కూడా మామూలే. నెలకోసారి, ఒకటో తారీఖున, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని సైట్ చూడండి. నేను అలాగే చూసేదాన్ని.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మాది ఒగ్గు కథ చెప్పే కుటుంబం. మా బాబాయి బీరప్ప కథ చెప్తాడు, మల్లన్న కథ చెప్తాడు, ఎల్లమ్మ కథ చెప్తాడు. కొమురవెల్లి జాతర రోజుల్లో ఇంట్లో ఉండడు. ఆయన కొడుకు, అంటే నా తమ్ముడు, డోలు. పన్నెండేళ్ల నుంచీ కొడుతున్నాడు. ఇప్పుడు వాడికి 24. రెండేళ్ల కింద హైదరాబాద్ వెళ్లి ఫుడ్ డెలివరీలో చేరాడు. తప్పేం లేదు, ఇంట్లో అప్పు ఉంది. కాకపోతే పెద్ద పండగలకి, కథ రాత్రంతా నడిచే రోజులకి వాడు రావడం తగ్గింది. బాబాయి పక్క ఊరి నుంచి డోలు వాళ్లని పిలిపించుకుంటున్నాడు. వాళ్లు మంచి వాయిద్యగాళ్లే. కానీ బాబాయి కథలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ పాటలోంచి మాటలోకి దిగుతాడో వాళ్లకి తెలియదు. పోయిన ఏడాది ఒక ఊళ్లో కథ మధ్యలో బాబాయి రెండుసార్లు ఆగాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే ఇంటికి వచ్చి, "నాకు చాతనైతలేదు బిడ్డా, ఇగ చాలు" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను వయసు లెక్క చూశా. 18 నుంచి 25 అంటే ఏ తేదీ నాటికి అనేది నోటిఫికేషన్‌లో ఉంటుంది, మామూలుగా ఏప్రిల్ 1. వాడికి ఇది ఆఖరి అవకాశం. ఫోన్ చేశా.

"అక్కా, నెలకి ఐదు వేల కోసం నేను పని మానెయ్యాల్నా?"

"మానెయ్యమని ఎవడన్నడురా. వారానికి రెండు రోజులు బాబాయి దగ్గర కూర్చోవాలె, అంతే."

"పదో తరగతి ఫెయిల్ నేను."

"నిన్ను లెక్కలు అడగరు, డోలు అడుగుతరు."

ఒప్పుకున్నాడు. అసలు పని అప్పుడు మొదలైంది.

మొట్టమొదట పేరు. తెలుగువాళ్ల ఇంటిపేరు సంగతి మీకు తెలుసు కదా. స్కూల్ రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. బ్యాంక్ పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే ఉండదు, లేకపోతే పేరు చివర ఉంటుంది. మనకి ముగ్గురూ ఒకడే. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి 'ఇనిషియల్' అంటే ఇంటిపేరు అని తెలియాల్సిన పని లేదు. అందుకని నోటిఫికేషన్ రాకముందే ఈ పని చేసి పెట్టుకోండి. స్కూల్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఆధార్‌లో, ఆధార్‌లో ఉన్నట్టే బ్యాంకులో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే. తొందరపడి మీసేవలో ఏదో ఒకటి కొట్టించొద్దు. స్పెల్లింగ్ కాగితం మీద రాసి తీసుకెళ్లండి, స్క్రీన్ మీద చూసి ఒక్కో అక్షరం చదువుకుని, అప్పుడు ఓకే చెప్పండి.

బ్యాంకుకి ఆధార్ లింక్ అయితే చాలు అనుకుంటారు. చాలదు. గవర్నమెంట్ డబ్బు నేరుగా పడాలంటే ఆ ఖాతా ఆధార్‌కి 'సీడింగ్' అయి ఉండాలి, ఒకసారికి ఒక్క ఖాతాకే అవుతుంది. మా తమ్ముడికి మూడు ఖాతాలు ఉన్నాయి, సీడింగ్ అయింది ఎప్పుడో స్కూల్లో తెరిచి వాడకుండా వదిలేసినదానికి. ఆధార్ సైట్‌లో లాగిన్ అయితే 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని కనపడుతుంది. రెండు నిమిషాల పని, ఇప్పుడే చూసుకోండి కావాలంటే. నేను ఆగుతా.

తర్వాత గురువు సర్టిఫికెట్. ఇక్కడే మన జానపద కళాకారులు ఎక్కువమంది ఆగిపోతారు. సంగీత కళాశాలలో చదివిన పిల్లకి లెటర్‌హెడ్ ఉంటుంది, సీలు ఉంటుంది. మా వాడికి ఏముంది? తండ్రే గురువు. తండ్రికి చదువు రాదు.

బాబాయి ముందు ఒప్పుకోలేదు. "నా కొడుక్కి నేను సర్టిఫికెట్ ఇచ్చుడేంది, నవ్వుతరు" అన్నాడు.

"నువ్వు గాక ఎవరిస్తరు బాబాయ్? వానికి దరువు నేర్పింది ఎవరు?"

కాసేపు ఆలోచించి, "సరే రాయి, నేను చెప్త" అన్నాడు. ఆయన చెప్పింది నేను తెలుగులో రాసుకున్నా, తర్వాత ఇంగ్లీషులో పెట్టా. ఆయన చెప్పిన తీరు ఎంత బాగుందంటే నేను ఒక్క పొగడ్త కూడా కలపలేదు. ఏ వయసులో డోలు ముట్టాడు, ముందు తాళం ఎన్నాళ్లు పట్టించాడు, ఏ కథకి మొదటిసారి పూర్తి రాత్రి వాయించాడు, ఇప్పుడు ఏ కథలు సొంతంగా నడపగలడు, ఇంకా ఏం రాదు. అవును, ఇంకా ఏం రాదో కూడా చెప్పాడు. పట్నం వేసేటప్పటి దరువులు వీడికి ఇంకా రావు, అవి ఈ రెండేళ్లలో నేర్పిస్తాను అన్నాడు. నా ఉద్దేశంలో ఆ కాగితం మొత్తంలో విలువైన వాక్యం అదే. స్కాలర్‌షిప్ దేనికి ఇస్తున్నారు? నేర్చుకోవడానికి. నేర్చుకోవాల్సింది ఏం లేదని రాస్తే ఎందుకిస్తారు?

బాబాయి వేలిముద్ర వేశాడు. పక్కన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు, ఒకరు ఊరి స్కూల్ హెడ్మాస్టరు గారు. తండ్రే గురువైతే ఆ మాట దాచొద్దు. వంశపారంపర్య కళ అంటే అర్థమే అది.

ఆ తర్వాత సాక్ష్యాలు. మన వాళ్లు వందల రాత్రులు కథ చెప్పి ఉంటారు, ఒక్క కాగితం ఉండదు. మేం ఇల్లంతా వెతికితే ఒక ఇనప పెట్టెలో ఒకే ఒక్క పేపర్ కటింగ్ దొరికింది, అదీ జిల్లా ఎడిషన్, ఫొటోలో వాడి మొహం సగం. కానీ ఫోన్ గ్యాలరీల్లో దొరికాయి. పెళ్లిళ్లకి, పండగలకి ఎవరెవరో తీసిన వీడియోలు. ఊళ్ల పేర్లు, తేదీలు వేసి ఒక పట్టిక చేశాం. రెండు ఊళ్ల వాళ్లు "మా బీరప్ప పండక్కి వీళ్లే వచ్చి చెప్పారు" అని తెల్ల కాగితం మీద రాసిచ్చారు. ఇది వింటున్న మీరు ఇవాళ్టి నుంచి ఒక అలవాటు చేసుకోండి. ఎక్కడ ప్రదర్శన ఇచ్చినా, కరపత్రం ఉంటే దాని ఫొటో, పిలిచినవాళ్ల దగ్గర రెండు లైన్ల ఉత్తరం. డ్రైవ్‌లో ఒక ఫోల్డర్. ఇందాక పదేళ్ల పిల్లల కాగితాలు అన్నానే, వాటి విలువ ఇదే.

వీడియో విషయం. ఎడిటింగ్ చేసి, స్లో మోషన్ పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కలిపి పంపకండి. డోలు వీడియోకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టినవాడిని నేను చూశా, నిజంగా. ఫోన్ అడ్డంగా పట్టుకుని, కదలకుండా ఎక్కడో ఆనించి, పగటి వెలుతురులో, చేతులు కనిపించేలా, ఒకే షాట్. ఫ్యాన్ ఆపండి.

ఇంటర్వ్యూ గురించి. కళ చేసి చూపించాలి, ప్రశ్నలు అడుగుతారు. కూర్చునే నిపుణులకి తెలుగు రాకపోవచ్చు. శాస్త్రీయ నాట్యం అయితే వాళ్లకి మీరు కొత్తగా చెప్పేదేం లేదు. జానపదం అయితే ఒగ్గు అంటే ఏంటో వాళ్లలో అందరికీ తెలియకపోవచ్చు. మా తమ్ముడిని కూర్చోబెట్టి, "ఒగ్గు అంటే ఏందిరా?" అని అడిగా. వాడు నవ్వాడు. చిన్నప్పటి నుంచీ చేస్తున్నాడు, ఎవరూ అడగలేదు, వాడూ నోటితో చెప్పలేదు. శివుడి డమరుకాన్ని ఒగ్గు అంటారు, జగ్గు అని కూడా అంటారు, అది పట్టుకుని చెప్పే కథ కాబట్టి ఒగ్గు కథ. ఈ ఒక్క ముక్క చెప్పడానికి వాడికి మూడు రోజులు పట్టింది. వచ్చీ రాని హిందీలో, ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, డోలు, తాళం, నపీర ఏం చేస్తాయి, ఈ నాలుగు సంగతులు చెప్పడం ప్రాక్టీస్ చేయించా. చుక్క సత్తయ్య గారి పేరు చెప్పమన్నా. సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్న ఒగ్గు కథకుడాయన, మాకు ఆయన పేరే పెద్ద అడ్రస్.

మీరు ఏ కళ చేస్తున్నా ఇది ప్రయత్నించండి. అద్దం ముందు కాదు, ఆ కళ గురించి ఏమీ తెలియని ఫ్రెండ్ ముందు. రెండు నిమిషాల్లో వాడికి అర్థమయ్యిందంటే మీరు రెడీ.

ఇప్పుడు ఫెలోషిప్ ప్రపోజల్ దగ్గరికి వద్దాం, 25 దాటినవాళ్లు వినండి. నాకు చూడమని పంపే ప్రపోజల్స్ చాలావరకు ఇలా ఉంటాయి: "అంతరించిపోతున్న మన ఘనమైన జానపద సంస్కృతిని కాపాడి భావి తరాలకి అందించడమే నా లక్ష్యం." ఇది చదివి ఎవరికైనా ఏం అర్థమవుతుంది? మీరు సోమవారం పొద్దున లేచి ఏం చేస్తారో అందులో లేదు. ఈ మధ్య చాట్‌బాట్‌తో రాయిస్తున్నారు, అవి ఇంకా ఘోరం. పదిమందివీ ఒకే మనిషి రాసినట్టు ఉంటాయి. ఇంగ్లీషు సరిచేయించుకోవడానికి వాడండి, తప్పు లేదు. విషయం మాత్రం మీ నోటి నుంచి రావాలి. ముందు తెలుగులో మీ ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు వాయిస్ నోట్ రికార్డ్ చేయండి, దాన్ని రాయండి.

ఒక ఉదాహరణ చెప్తా. "ఒగ్గు కథ అభివృద్ధి" అని కాకుండా, "కొమురవెల్లి చుట్టుపక్కల 12 ఊళ్లలో బీరప్ప కథ చెప్పే బృందాల దగ్గర డోలు దరువులు ఎలా మారుతున్నాయో రికార్డు చేసి పోల్చడం" అనండి. మొదటి ఆరు నెలలు బృందాలని కలవడం, రికార్డింగ్. రెండో ఆరు నెలలు మిగతా ఊళ్లు. మూడో ఆరు నెలలు దరువులని అక్షరాల్లో రాసుకోవడం. ఆఖరి ఆరు నెలలు రిపోర్ట్. విడతలు నాలుగు కాబట్టి పనిని కూడా నాలుగు ముక్కలు చేస్తే, ప్రతిసారీ ఏం చూపించాలో మీకే తెలుస్తుంది. ఈ పని మీరే ఎందుకు చేయగలరో ఒక్క పేరాలో రాయండి. ఆ ఊళ్లలో మీకు చుట్టాలు ఉన్నారా, ఆ యాస వచ్చా, ఆ కథ మొత్తం విన్నారా? యూనివర్సిటీలో కూర్చున్న పరిశోధకుడికి లేనిది మీ దగ్గర ఉన్నది అదే, దాన్ని సిగ్గుపడకుండా రాయండి.

పెట్టిన తర్వాత ఏం చేయాలి? అప్లికేషన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరికి పంపి పెట్టండి. పోస్టులో పంపమంటే స్పీడ్ పోస్ట్, రసీదు దాచండి. తర్వాత ఓపిక పట్టాలి. మరీ ఆలస్యమైతే, ఫోన్ ఎత్తకపోతే, సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నుంచి ఉంది. కేంద్ర ఆఫీసులకి ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కోపంగా రాయకండి. "నా అప్లికేషన్ నంబర్ ఇది, ఇది ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎంపిక జాబితా ఏ తేదీన పెట్టారు?" ఇంతే అడగండి. ఎందుకు ఆలస్యం చేశారు అని నిలదీస్తే అది సమాచారం కాదని పక్కన పెట్టేస్తారు. ఏ తేదీ, ఏ దశ, ఏ కాపీ అంటే చెప్పక తప్పదు.

వస్తే, ఆరు నెలలకోసారి ఏం నేర్చుకున్నారో రిపోర్ట్ పంపాలి, గురువు సంతకంతో. అది వెళ్తేనే తర్వాతి విడత వస్తుంది. మొదటి విడత తీసుకుని మాయమైపోయేవాళ్లు ఉన్నారు. నేను నేర్చుకున్న రోజు తేదీ, ఏం నేర్చుకున్నానో ఒక లైన్, చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. రిపోర్ట్ రాయాల్సి వచ్చినప్పుడు అది చూసి గంటలో రాసేదాన్ని.

మా తమ్ముడి అప్లికేషన్ వెళ్లింది. ఫలితం ఇంకా రాలేదు. 400 మందిలో ఉంటాడో లేదో చెప్పలేను, వాడికీ అదే చెప్పా. ఈలోపు ఆదివారం, సోమవారం డెలివరీ యాప్ ఆఫ్ చేసి ఊరికి వస్తున్నాడు. ఆ సర్టిఫికెట్‌లో "పట్నం దరువులు నేర్పిస్తాను" అని వేలిముద్ర వేశాడు కదా, బాబాయి దాన్ని సీరియస్‌గా తీసుకున్నాడు. డబ్బు వచ్చేదాకా ఆగుదాం అంటే వినట్లేదు. "కాగితం మీద వేలు పెట్టిన, చెప్పకపోతే ఎట్ల" అంటున్నాడు. పోయిన సోమవారం నేను వెళ్లేసరికి ఇద్దరూ గొడవ పడుతున్నారు, మూడో దరువు దగ్గర వీడు తొందరపడుతున్నాడని.

సరే. సొసైటీ రిజిస్ట్రేషన్, ఏడుగురిని ఎలా పోగేయాలి, ఆడిట్ ఎవరు చేస్తారు, ఇదంతా వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఒక ఆడిటర్ గారితో మాట్లాడి వస్తా, లెక్కల విషయంలో నా మాట కంటే ఆయన మాట నయం. అప్పటిలోపు మీరు చేయాల్సింది ఆ బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకోవడం. 24 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏప్రిల్ 1కి మీ వయసెంతో ఇవాళే లెక్క వేసుకోండి. ఉంటాను మరి.